చేతికందే ఎత్తు

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టు,
ఏడో నంబరు కొట్టు.
పొద్దున ఆరింటికే చెంగమ్మ ఫోను:
"అబ్బయా, పెట్టె లేవలా.
నల్లంగా చూస్తా ఉండాది నన్ను."

నెల్లూరు నుంచి బస్సులో పోతున్నంతసేపూ
నాకు తెలుసు, ఏం చూడబోతున్నానో.
రాత్రి ఉరుములకి కరెంటు
వచ్చి పోయి, వచ్చి పోయి,
హార్డ్ డిస్కు లోపల
గవ్వలు గిలకరించినట్టు ఒకటే చప్పుడు.

మూడేళ్ల బస్తాలు అందులో.
ఏ లారీ ఢిల్లీకి, ఏది కోయంబేడుకి,
హమాలీ ఎంత, తరుగు ఎంత,
చేజర్ల పెంచల్రెడ్డి మొన్న పట్టుకుపోయిన
నలభై వేల అడ్వాన్సు,
అన్నీ అరచేతంత రేకు మీద
ఇక ఎవరికీ చెప్పని రహస్యం.

"బ్యాకప్ తియ్యలేదా?" అన్నాను.
అనకూడని మాటని అన్నాక తెలిసింది.
"తియ్యమని చెప్పావు.
యాడుండాదో చెప్పలా."

చెప్పాననే అనుకున్నాను.
స్టార్ట్ నొక్కి, సెట్టింగుల్లోకి దిగి,
పళ్లచక్రం బొమ్మ వెతికి,
దాని కడుపులో ఇంకో కిటికీ తెరిస్తే
మూడు ప్రశ్నలు, మూడూ ఇంగ్లీషులో.
చివరిదానికి అవుననాలో కాదనాలో
నాకే అనుమానం.
ఆ పూట ఆఖరి బస్సు తొందర.
గడగడా చూపించి
"ఇంతేనమ్మా, ఈజీ" అని లేచాను,
ఈతగాడు ఒడ్డున నిలబడి
పెన్న మోకాళ్ల లోతే అన్నట్టు.

తొడిమ చూసి
కాయ కోసి ఎన్నాళ్లయిందో చెప్పే మనిషి.
మౌసుని మాత్రం
తేలుని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

చెంగమ్మ సొరుగు లాగింది.
అడుగున పాత చీటీల పుస్తకం,
రెండు కాగితాల మధ్య నలిగిన నీలం.
"ఇది ఉన్నప్పుడు నాకీ బాధ లేదబ్బయా.
పైది రైతుకి, కిందది నాకు.
రాస్తా ఉంటేనే అయిపోయేది.
మళ్లీ గుర్తు పెట్టుకునే పనే లా."

పదేళ్లుగా నేను అమ్ముకు తింటున్న మాటకి
అర్థం
ఆమె వేలికొసన నీలంగా అంటుకుని ఉంది.

మధ్యాహ్నానికి కొత్త డిస్కు వేశాను.
తెర మీద బొమ్మలన్నీ తుడిచి
నట్టనడుమ ఒకటే ఉంచాను,
నీలం కాగితం బొమ్మ.
పేరు: నకలు.
నొక్కకపోయినా, ఈ పుల్ల గుచ్చితే చాలు,
తన పని తనే చేసుకుంటుంది.
చివర్న తెర మీద
"ప్రతిలిపి విజయవంతముగా పూర్తి అయినది" అని వచ్చేట్టు పెట్టాను.
చదివి పడీపడీ నవ్వింది.
"ఇది కలెక్టరాఫీసు మాట గదయ్యా!"
మార్చాను:
"అయిపోయింది. పీకెయ్."

గోతాలు కుట్టే పురికొస తెంపి
పుల్లకి ముడేసి
కొట్టు తాళాలు తగిలించే మేకుకే తగిలించింది.
తాళం మర్చిపోతే కదా
అది మర్చిపోయేది.

పోయింది మాత్రం పోయింది.
వారం రోజులు రైతులు
చొక్కా జేబుల్లోంచి, బియ్యం డబ్బాల్లోంచి
చెమటకి పాలిపోయిన చీటీలు తెచ్చారు.
పెంచల్రెడ్డికి చీటీ దొరకలేదు.
"నలభై కాదమ్మే, ముప్పై ఎనిమిది" అన్నాడు.
చెంగమ్మ అతని మొహంలోకి ఒకసారి చూసి
ముప్పై ఎనిమిదే కొట్టింది, ఒంటివేలితో.
ఆ రెండు వేలు
నా బిల్లులో కొట్టేశాను.
ఆమె అడగలేదు.

మళ్లీ నిన్న రాత్రి ఉరిమింది.
స్టోన్‌హౌస్‌పేటలో నిద్ర లేచి కూచున్నాను,
ఆరింటికి ఫోను మోగుతుందేమోనని కాదు.
నా సొంత లెక్కల నకలు
ఎప్పుడు తీశానో గుర్తు రాలేదు.
ఎక్కడ పెట్టానో గుర్తొచ్చింది:
బీరువా పైఅర, పాత బిల్లుల వెనక,
చేతికందని మూల.

కరెంటు పోయింది.
చీకట్లో
స్టూలు కోసం తడుముకుంటున్నాను.